డానీ పాదం మీద నా బొటనవేలు

ఏడేళ్ళుగా ఒక మాట కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. బాగానే తిరుగుతున్నాను, అదే విచిత్రం. తింటున్నాను, నవ్వుతున్నాను, నిద్ర పడుతోంది. కుమిలిపోతూ బతికానని చెబితే అది ఇంకో అబద్ధం అవుతుంది. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే నోరు పెగులుతోంది.

నేను డాక్టర్ని. కాకినాడ నుంచి ఇంగ్లండ్ వచ్చి, న్యూకాసిల్‌కి గంట దూరంలో ఉన్న ఒక ఊళ్ళో, ఆసుపత్రి ఎమర్జెన్సీలో పనిచేస్తున్నాను. ఆ ఊళ్ళో ఒక బాస్కెట్‌బాల్ జట్టు ఉండేది. ఆటగాళ్ళకి జీతాలివ్వడమే వాళ్ళకి కష్టం, ఇక డాక్టర్ని ఎక్కడ పెట్టుకుంటారు? డ్యూటీల రోటాలో ఖాళీ దొరికిన వారాంతాల్లో నేనే ఊరికే వెళ్ళి కోర్టు పక్కన కూర్చునేవాణ్ణి. నాకదో సరదా.

2011లో ఆ జట్టుకి ఆస్ట్రేలియా నుంచి ఒక ఆటగాడు వచ్చాడు. డానీ అందాం. ఇరవై రెండేళ్ళు. మా ఇంటి గుమ్మంలో తల వంచితే గానీ లోపలికి రాలేనంత పొడుగు. ఒక్క సీజన్‌కే ఒప్పందం, మాకు నాలుగు వీధుల అవతల చిన్న ఫ్లాట్. పాపం ఒంటరిగా ఉన్నాడని ఒకసారి భోజనానికి పిలిస్తే ప్రతి ఆదివారం రావడం మొదలుపెట్టాడు. మా పిల్లల స్నేహితులు పిలవడం విని నా భార్యని ఆంటీ అనేవాడు. నన్ను మాత్రం డాక్ అనేవాడు. స్పెయిన్‌లో ఒక పెద్ద జట్టు వాళ్ళు అతని ఆట చూసి, సీజన్ అయ్యాక వచ్చి కలవమన్నారు. ఆ కబురు వాళ్ళ అమ్మకి చెప్పాక మాకే చెప్పాడు.

నేనేమో గొప్పలు పోయాను. మా తెలుగు సంఘం ఏటా ఉగాదికి కౌన్సిల్ హాలు తీసుకుని పాటలు, భోజనాలు పెట్టుకునేది. ఆ ఏడు అందరం మ్యాచ్‌కి వెళ్దామని, తర్వాత పిల్లలకి మా డానీ చేత బహుమతులు ఇప్పిద్దామని నేనే పట్టుబట్టాను. కమిటీలో ఇద్దరు ససేమిరా అన్నారు. వాళ్ళని ఒప్పించేసరికి నెల పట్టింది. చివరికి నలభై కుటుంబాలు వస్తామన్నాయి. ఎడిన్‌బర్గ్ నుంచి కూడా రెండు కార్లు బయల్దేరాయి.

మ్యాచ్ ఆదివారం కాబట్టి డానీ శనివారమే భోజనానికి వచ్చాడు. మన విందుల సంగతి మీకు తెలిసిందే. డాక్టర్ కనబడితే చాలు, పళ్ళెం చేతిలో ఉండగానే మోకాలు చూపిస్తారు, మనమూ నములుతూనే మందు చెప్పేస్తాం. మా ఇంట్లో నాలుగు భోజనాలు చేసేసరికి డానీకీ ఆ అలవాటు పట్టుబడింది. మేజోడు తీసి పాదం నా కుర్చీ అంచున పెట్టాడు. నా కుడిచేతికి పప్పన్నం అంటుకుని ఉంది. ఎడమచేత్తో చూశాను.

“మూడు వారాల నుంచి నొప్పి, డాక్. ఎగిరి దిగితే ఎక్కువవుతోంది.”

చీలమండకి కొంచెం ముందు, పాదం పైన, చిన్న ఎముక ఒకటుంటుంది. అక్కడ బొటనవేలితో నొక్కాను. అతను అరవలేదు. కాలు మాత్రం వెనక్కి లాక్కున్నాడు.

“బెణికినట్టుంది. గట్టిగా పట్టీ వేస్తాను. రేపటికి ఏం కాదు,” అన్నాను.

“నువ్వు చూశావు, అది చాలు,” అన్నాడు.

వంటింట్లోంచి నా భార్య తెలుగులో అంది, “కుంటుతున్నాడండీ. కాస్త సరిగ్గా చూడండి.”

“చూశాలే,” అన్నాను.

ఆ క్షణాన నాకు నిజంగా తెలుసా? ఎన్నిసార్లు అడుక్కున్నానో. అలసిపోయి ఉన్నాను కదా, స్కాన్ లేకుండా ఎవరైనా ఏం చెప్పగలరు, ఆడతానని ఉబలాటపడింది అతనే కదా అని నాకు నేనే వకీలునై వాదించుకున్నాను. లేదు. తెలుసు. అక్కడ నొక్కితే అలా కాలు లాక్కున్నవాడికి ఎముకలో సన్నటి బీట ఉండొచ్చని, స్కాన్ అయ్యేదాకా ఆ పాదం నేల మీద మోపనివ్వకూడదని మా జూనియర్లకి పాఠం చెప్పేది నేనే. ముక్కూమొహం తెలియనివాడు ఎమర్జెన్సీకి వచ్చి ఉంటే నోట్సు రాసి, ఊతకర్రలిచ్చి పంపేవాణ్ణి. డానీ మనవాడు. అందుకని నోట్సు లేదు, స్కాన్ లేదు. కమిటీ ముందు నా మొహం చెల్లాలి, అంతే.

మర్నాడు మూడో క్వార్టర్‌లో ఎముక విరిగింది. దగ్గర్లో ఎవరూ లేరు, ఎవరూ తగల్లేదు. ఒంటరిగా ఎగిరి దిగాడు, పడిపోయాడు. ఏం జరిగిందో తెలియక మావాళ్ళు ఇంకా చప్పట్లు కొడుతున్నారు. అందరికంటే ముందు పరిగెత్తింది నేనే. ఆపరేషన్ చేసి స్క్రూలు వేశారు. స్పెయిన్ నుంచి మళ్ళీ కబురు రాలేదు. ఖర్మ అన్నారు అందరూ, నేనూ తలూపాను. ఆ రాత్రి నా భార్య, “నిన్న మీకేం అనుమానం రాలేదా?” అని అడిగింది. లేదన్నాను.

డానీ రెండేళ్ళకి మళ్ళీ ఆడాడు, చిన్న జట్లలో. ఇప్పుడు ఇక్కడే ఒక స్కూల్లో పిల్లలకి ఆట నేర్పుతున్నాడు. ఈ ఊరి అమ్మాయినే పెళ్ళి చేసుకున్నాడు. వాళ్ళ పాప నన్ను తాత అని పిలుస్తుంది. ఇక్కడ ఉండిపోవడమే మంచిదైందని అతను నవ్వుతూ అంటుంటాడు. అన్నప్పుడల్లా నాకు ప్రాణం లేచొస్తుంది, మరుక్షణం సిగ్గేస్తుంది. తన జీవితం బాగుందని అతను అనుకోవచ్చు. దాన్ని అడ్డం పెట్టుకుని నేను తప్పించుకోవచ్చా? ఆ కాళ్ళు ఎంత దూరం వెళ్తాయో ఇరవై రెండేళ్ళప్పుడు తేల్చుకోవాల్సింది అతను. నేను అన్నం తింటూ తేల్చేశాను.

ఇదంతా రాసి పొద్దున నా భార్యకి ఇచ్చాను. నిలబడే చదివింది.

“వాడికి తెలుగు రాదుగా,” అంది, కాగితాలు తిరిగిచ్చేస్తూ.

నిజమే. పిరికితనానికి కూడా నాకు మాతృభాషే దొరికింది. ఇవాళ ఆదివారం, ఒంటిగంటకి వాళ్ళు ముగ్గురూ వస్తారు. తిన్నాక చెప్పడం నా వల్ల కాదు, తినకముందే చెప్పాలి. క్షమించమని అడగను. ఆ మాట అడిగితే అతను వెంటనే క్షమించేస్తాడు, అదే నా భయం. “అప్పుడే నాకు తెలుసు, డానీ,” అని ఇంగ్లీషులో ఒకసారి పైకి అని చూసుకున్నాను. గొంతు వణుకుతుందనుకున్నాను. వణకలేదు.