అమావాస్య నాటి బడి

సుల్తానాబాదులో మా వాడ ఆడవాళ్లకు చదువు మొదలైంది అమావాస్య నాడు. ఆ మాట వినగానే ఇప్పటికీ ముఖం చిట్లించేవాళ్లున్నారు. చిట్లించనీ, నాకేం పోయింది!

పోలీసు చర్య ముగిసిన తర్వాతి రోజులవి. మా ఊరి వకీలు ఒకాయన హైదరాబాదులో ఉర్దూలో చదువుకుని వచ్చినా తెలుగంటే ప్రాణం పెట్టేవాడు. నలుగురిని కూడగట్టి సాహిత్య సంఘం పెట్టాడు. ఒక వ్యాపారి ఇచ్చిన గదిలో పత్రికలు, పుస్తకాలు, ఆదివారం ఆదివారం ఉపన్యాసాలు. వినేవాళ్లంతా తెల్లచొక్కాల వాళ్లే. ఆడవాళ్లకూ చదువు చెప్పాలని తోచి ఆయన మా సాలెవాడకు వచ్చి, ఏ రోజు వీలవుతుందని అడిగాడు. మా అవ్వ (అమ్మను మేం అలాగే పిలుస్తాం) తడుముకోకుండా అమావాస్య అంది.

నేతపనికి అమావాస్యే సెలవు. ఆ రోజు మగ్గం ఆడదు కాబట్టి కండెలకు నూలు చుట్టే పని ఆడవాళ్లకు ఉండదు. మిగతా రోజుల్లో అవ్వ రాట్నం ముందు నుంచి లేచిందంటే అక్కడ మా బాపు, అంటే నాన్న, నేసే మగ్గం ఆగిపోతుంది.

పెద్దమనుషులకు మాత్రం కొంప మునిగినట్టయింది. అమావాస్య నాడు అక్షరం దిద్దితే సరస్వతికి కోపమట, ఊరికి అరిష్టమట. ఏ మంచిరోజునా మా చేతికి పలక ఇప్పించని ఆ తల్లికి, మేమే కొనుక్కున్న రోజున కోపం ఎందుకు రావాలి? మాకు బడి పెట్టాల్సిన గదికి వ్యాపారి తాళం వేశాడు.

వకీలు మా ఇంటి ముందు నిలబడి, గొంతు తగ్గించి, విజయదశమికి మొదలుపెట్టుకుందామా అన్నాడు. సంఘం చీలిపోతుందని ఆయన భయం. ఆ భయం ఉత్తది కాదు కూడా. నాకు మాత్రం ఏడుపు ముంచుకొచ్చింది. కొత్త పలక చంకలోనే ఉంది.

అవ్వ చేతిలో నూలు దించలేదు.

"దినం మార్తే మేము రాలేము సాబ్. మంచి దినాలన్నీ మాకు పని దినాలే. గీ ఒక్క దినమే మాది. మీరొస్తరా, రారా, గదొక్కటే చెప్పుండ్రి."

ఆయన చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

ఆ అమావాస్యకు మా మగ్గాల కొట్టమే బడి అయింది. బాపు కూర్చునే చోట అవ్వ, ఆమె పక్కన నేను. మగ్గం గుంటలో కాళ్లు వేలాడేసుకుని, నేసిన బట్ట చుట్టే కర్రకు పలకలు ఆనించి దిద్దాం. అడ్డం వచ్చినవాళ్లకు బాపు వాకిట్లోనే జవాబు చెప్పి పంపాడు. సంఘంలో సగంమంది వకీలుతో మాట మానేశారు. ఆయన మాత్రం మా కొట్టానికి రావడం మానలేదు.

పెద్దయ్యాక నేను పంతులమ్మనై ఆదిలాబాదు వైపు వెళ్లాను. నా బిడ్డ అక్షరాభ్యాసం కూడా అమావాస్య నాడే పెట్టాను. పురోహితుడు రానని కబురు చేశాడు. ఆయనను పిలిచిందెవరు? అవ్వ బస్సెక్కి వచ్చి, పళ్లెంలో బియ్యం పోసి, మనవరాలి వేలు పట్టుకుని తానే రాయించింది.