కంపెనీ ఇంటికి అరుగు కట్టిన మనిషి

గద్వాలలో మా సందు మొదట్లో ఇనుప గేట్లు చేసే షాపు ఉంది. వాళ్లు కొత్త గేటుకు ఎర్ర ప్రైమర్ పూసిన రోజు ఆ వాసన మా వరండా దాకా వస్తుంది. నా భార్య ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పోతుంది. నేను కదలను. ఓడలు కట్టే యార్డులో ఇరవై ఆరేళ్లు ఆ వాసనే పీల్చి బతికినవాణ్ణి. దానితోపాటు భీమన్న మామ గుర్తొస్తాడు. ఆయన గుర్తొస్తే నా మీద నాకే రోత పుడుతుంది.

భీమన్నది ధరూర్ దగ్గర పల్లె. సముద్రం ఒడ్డుకు పోయి ఆ యార్డులో వెల్డర్ల మేస్త్రీ అయ్యాడు. నాది ఇటిక్యాల. చుట్టరికం ఏమీ లేదు. పాలమూరువాణ్ణి అన్న ఒక్క మాటకే నన్ను పనిలో పెట్టించి, నా పెళ్లయ్యేదాకా తన క్వార్టర్ ముందుగదిలో ఉంచుకున్నాడు. ఆయన భార్య నాగమ్మత్త రోజూ జొన్నరొట్టె చేసి పెట్టేది. కొత్తల్లో ఒకసారి నేను వేసిన అతుకులో చిన్న బొక్క మిగిలితే, పైన పెయింట్ పూసి కప్పేశాను. మామ మేకుతో గీకి పట్టేశాడు. తానే ఇన్‌స్పెక్టర్ దగ్గరికి పోయి, "మావోడు తప్పు చేసిండు సార్, కోసి మళ్ల అతుకుతం" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "తప్పయితే మళ్ల చేసుకోవచ్చు అల్లుడా. దాస్తివనుకో, ఓడ మునిగినంక ఎవనికి చెప్తవ్?" అన్నాడు. ఇనుము దగ్గర ఆ పాఠం నాకు బాగానే ఒంటబట్టింది. మనుషుల దగ్గరే ఒంటబట్టలేదు.

మా వైపు అరుగు లేకపోతే ఇల్లు ఇల్లులా అనిపించదు. పొద్దు వాలాక కాళ్లు చాపుకుని కూర్చోవడానికి జాగా లేదని మామ ఒకటే గొణుగుడు. ఆఖరికి ఊరి నుంచి వచ్చే లారీలో బండలు తెప్పించి, క్వార్టర్ ముందు అరుగు కట్టేశాడు. ఆ వరుస మొత్తంలో అరుగున్న ఇల్లు అదొక్కటే. నాగమ్మత్త తల కొట్టుకుంది. "కంపెనోళ్ల ఇంటికి మన బండలెందుకు? ఊర్ల ఏసుకుంటే ఉంటయ్ గద!" అంది. "ఊర్ల ఎవరున్నరే? మనం ఈడనే" అని నవ్వాడాయన. ఆ ఏడే, తనకు క్వార్టర్ ఉంది కదా అని, ఊరి ఇంట్లో తన వాటా తమ్ముడికి రాసిచ్చాడు. అబ్బో, ఏం తెలివి! సొంత ఇల్లు ఇచ్చేసి, పరాయి ఇంటికి అరుగు కట్టుకున్నాడు.

రిటైరయ్యాక ఇల్లు ఖాళీ చేయమని కాగితం వచ్చేదాకా ఆయనకు తెలివి రాలేదు. ఊరికి పోతే తమ్ముడు పశువుల కొట్టం చూపించాడు. చేను గట్టున తనకు మిగిలిన కాస్త జాగాలో రెండు గదులు వేసుకుంటానని, అప్పటిదాకా ఆరు నెలలు గడువు ఇమ్మని మామ అర్జీ పెట్టుకున్నాడు. ఆ క్వార్టర్ కోసం జాబితాలో ఆయన తర్వాత ఉన్నది నేనే. ఆఫీసరు నన్ను పిలిపించి, "నువ్వు ఆగుతానంటే ఆయనకు గడువిస్తాం. ఏమంటావ్?" అని అడిగాడు. అప్పుడు నా భార్యకు నెలలు నిండుతున్నాయి, ఒంటిగదిలో అద్దెకున్నాం. అదే కారణమని చెప్పాను. నిజం చెప్పాలంటే, ఆరు నెలల్లో జాబితా మారితే అరుగున్న ఇల్లు చేజారుతుందని నా భయం. "ఆగలేను సార్" అన్నాను. అంతే, మామ అర్జీ పక్కన పడేశారు.

ప్లానులో లేని కట్టడం తీసేసి ఇల్లు అప్పగించాలన్నారు. మామ తన అరుగును తానే గడ్డపారతో పెకలిస్తుంటే, నేను బండలు మోసి గోడకు చేరవేశాను. "సార్లు ఒప్పుకోలే అల్లుడా. ఏం చేస్తం?" అన్నాడు చెమట తుడుచుకుంటూ. నన్ను అడిగారని ఆయనకు తెలియదు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. "అట్లనా మామా" అని ఇంకో బండ ఎత్తుకున్నాను. ఛీ!

ఆ వానాకాలం చూడటానికి పోయాను. ఇద్దరూ కొట్టంలోనే ఉన్నారు. నీళ్లు తగలకుండా మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టారు. నాగమ్మత్త దగ్గుతూనే చాయ్ పెట్టింది. మామ తమ్ముణ్ణి పిలిచి, "మా ఇల్లు ఈయనకే ఒచ్చింది. పరాయోనికి పోలే. గదొక్కటే నాకు సంతోషం" అన్నాడు. నేను చాయ్ గ్లాసు ఖాళీ చేసి లేచాను. వచ్చేటప్పుడు కాళ్లకు మొక్కితే, నెత్తి మీద చెయ్యి పెట్టి, "ఆ ఇంట్ల పిల్లాపాపలతో సల్లగుండు" అని దీవించాడు. మళ్లీ పోదామనుకుంటుండగానే ఆయన పోయాడన్న కబురు వచ్చింది.

ఆ దీవెన ఫలించింది. నా పిల్లలిద్దరూ ఆ ఇంట్లోనే పెరిగారు. పోయినేడు ఉద్యోగం వదిలినప్పుడు క్వార్టర్ తాళాలు ఆఫీసులో అప్పగించి, సంతకం పెట్టి వచ్చేశాను. ఆ దీవెన మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. అది నాది కాదు. తిరిగి ఇచ్చేద్దామంటే మనిషి లేడు.