పెద్దమ్మ లేపని ఇల్లు

ఏక్‌బాల్‌పూర్‌కి పనికెళ్ళిన మా పెద్దమ్మ అక్కడే పోయిందని సోమవారం ఉదయం కబురొచ్చింది. అప్పటికే మేము మూటలు కడుతున్నాం. మెటియాబ్రుజ్‌లో మేమున్న పాత ఇంటిని ఆ వారమే కూల్చబోతున్నారు. నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది.

కూల్చిన కట్టడాల కాంక్రీటు పగలగొట్టడం పెద్దమ్మ పని. ఇనుము వేరుచేసి, ముక్కల్ని కొత్త ఇళ్ళ నేలల కింద పరవడానికి అమ్మేది. "సిమెంటు ఒకపాలి మంటలో కాలి వొచ్చినాది. పనికొచ్చే ముక్క పారేసి, మళ్ళీ కొత్తది కాల్చి ఆకాశానికి మసి పుయ్యడమేటి?" అనేది. మహా మొండిది. పిడికెడు ముక్క కూడా చెరువులో పోయనిచ్చేది కాదు.

సుత్తి ఎత్తేముందు మాత్రం గోడ తట్టి, ఆ ఇంట్లో ఉండిపోయినవాళ్ళని పిలిచేది: "లెగండమ్మా, లెగండి. ఇల్లు పోతన్నాది." ఆవిణ్ణి మాషీ అని పిలిచే బెంగాలీ కూలీలు, మాషీకి చుట్టాలొచ్చారని ఆటపట్టించేవారు. ఆవిడ నవ్వేది కాదు.

ఒక్కసారి అలా లేపడం మరిచింది. మా గదిలోకి వాననీళ్ళు వస్తున్నాయని, మబ్బు కమ్ముకొస్తున్న తొందరలో, ఎవరిదో పాతమేడ ముక్కలు తెచ్చి నేల ఎత్తు చేయించింది. అప్పుడు అమ్మకి నెలలు నిండాయి. నమ్మితే నమ్మండి, మర్నాటి నుంచి పట్టపగలే నేల కింద చిన్నపాదాలు పరుగెత్తిన చప్పుడు. అమ్మ ఆ గదిలో ఉండనంది. మాకేమో వేరే గూడు లేదు. నేల తవ్వించేస్తానన్నాడు నాన్న.

"తవ్వితే అదెక్కడికి పోద్ది నాయినా? తప్పు నాది. లేపకుండా తెచ్చేసినాను," అంది పెద్దమ్మ. నేలకి చెవి ఆనించి పడుకుంది. "నువ్వూ మాకాడే ఉండిపో బాబూ. సోటున్నాది," అని లాలించింది. చప్పుడు ఆగింది. ఆ సాయంత్రమే తమ్ముడు పుట్టాడు.

వాణ్ణి చంక దించేది కాదు. ఆవిడ లేకపోతే మాకు ఇల్లూ లేదు, తమ్ముడూ లేడు. ఈ మాట బతికుండగా ఆవిడతో అనలేకపోయాను.

ఇల్లు కూలుస్తారని తెలిసినప్పుడు నాన్నచేత ఒట్టు వేయించుకుంది. "నానొచ్చేదాకా ఎవులూ పిలవకండి. ఎవుర్ని లేపాలో, ఎవుర్ని లేపకూడదో నాకే తెలుసు."

ఆవిణ్ణి సాగనంపి వచ్చిన మర్నాడు, కూలీలు సుత్తులతో గుమ్మంలో నిలబడ్డారు. "పిలవకపోతే ఏటవుద్దో సూసినాం కదే," అని అమ్మతో గొణిగి, నాన్న గోడ తట్టాడు. "లెగండి. ఇల్లు పోతన్నాది."

నేల కింద ఏ చప్పుడూ లేదు. మూలన అన్నం తింటున్న తమ్ముడు లేచాడు. చెయ్యి కడుక్కోలేదు, చెప్పులు తొడుక్కోలేదు. అమ్మ పేరుపెట్టి పిలుస్తూనే ఉంది. ఎర్రరంగు ఎన్నికల రాతలున్న గోడ పక్కనుంచి, మాలో ఒక్కరినీ చూడకుండా, సందు చివరికి నడిచి వెళ్ళిపోయాడు.