పూత కింద తడి

"ఎడారి పూసిందంట. శుక్రవారం చూసొద్దాం" అని నా భర్త అన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. తొంభైల చివర మాట. కువైట్‌లో ఒకే ఇంట్లో ఆయన డ్రైవరు, నేను వంటమనిషిని. ఆయన నన్ను బయటికి తీసుకుపోయిందల్లా ఆస్పత్రికే. పూలు చూపించే మనిషి కాదు. పైగా ఆ వారమంతా పెనుకొండలోని తన తమ్ముడితో ఫోన్లో గుసగుసలాడుతూ, నన్ను చూడగానే పెట్టేసేవాడు. యజమానితో మా ఒప్పందం ఆ నెలతో తీరిపోతుంది. కొత్తదాని మీద మా ఆయన ఇంకా సంతకం పెట్టలేదు.

జుమ్మా నమాజు అయ్యాక ఒక స్నేహితుడి కారులో బయలుదేరాం. అతను ధర్మవరంలో మగ్గం వదిలేసి డ్రైవరుగా వచ్చినవాడు. చాలాసేపు వట్టి ఇసుక. తర్వాత ఒక్కసారిగా కనుచూపు మేరా పసుపు పూలు, నడుమ నడుమ ఊదావి. సుబహానల్లా అనుకున్నాను. ఇంత అందం నా కంట పడనిచ్చినందుకు మనసు నిండింది. కానీ ఆయన పూలను చూడటం లేదు, నా మొహం చూస్తున్నాడు.

"ఏం వదినా, పూలను పోలీసు మాదిరి చూస్తాండావే! అవేం దొంగతనం చేసినాయి?" అన్నాడు స్నేహితుడు.

"పూలు కాదన్నా. పిల్చుకొచ్చినాయన ఏందో దాస్తాండాడు."

ఆయన ఇక ఆగలేకపోయాడు. "ఏమ్మే, ఒక్క వానకే ఈ ఇసక ఇట్ల పూస్తే, మన చేను ఊరికే ఉంటాదా? నేను సంతకం పెట్టను. ఇంటికి పోయి చెనక్కాయ ఏసుకుందాం."

ఆ చేను నమ్ముకుని నష్టపోయే కదా ఇల్లు వదిలి ఇక్కడికి వచ్చాం! చెనక్కాయకు పూత వస్తే చాలదు. పువ్వు వాడాక సాగే ఊడ నేలలోకి దిగితేనే కాయ. మాకు పూత నిండుగానే వచ్చేది. ఆపైన వాన రాక, గట్టిపడిన నేల మీదే ఊడలు ఎండిపోయేవి. అందుకే మావైపు పూత చూసి ఎవరూ బాగుందనరు, ముందు ఒక చెట్టు పెరికి కింద చూస్తారు. హిందూపురంలో ఇంట్లోనే నాకు ఖురానూ తెలుగూ చెప్పిన అవ్వ, అదీ నేర్పింది.

కూర్చుని ఒక మొక్క పెరికాను. పూలు చూడటానికొచ్చి పక్కనే గుడారం వేసుకున్న అరబ్బు ఆమె కేకలు వేసింది.

"పెరకొద్దంటాంది వదినా, చూసి పొమ్మంటాంది" అన్నాడు స్నేహితుడు.

సిగ్గేసింది. అయినా ఆ గుంత చూపించి, "ఏలు పెట్టి చూడయ్యా" అన్నాను ఆయనతో.

పెట్టాడు. పైన కాస్త చెమ్మ, కింద అంతా పొడి.

"మన నేల ఇట్లాంటిది కాదు" అన్నాడు.

"నేల మంచిదే. వాన మీదనే నాకు నమ్మకం ల్యా."

చాలాసేపు వేలు అందులోనే ఉంచాడు. "సరేలే. బోరు ఏపించుకునే శక్తి వచ్చినంక పోదాం" అన్నాడు చివరికి.

అల్లాకు వెయ్యి షుక్రియాలు చెప్పుకున్నాను. అయినా శనివారం ఆయన సంతకం పెట్టడానికి యజమాని గదికి పోతుంటే, పొయ్యి ఆపేసి వెనకాలే పోయి, గుమ్మం దగ్గర నిలబడ్డాను.