బావిలో మునిగే మనిషి ఈసీజీ

2023 వేసవి. కడపలో ఒక డాక్టరు గారి క్లినిక్‌లో ఈసీజీ టెక్నీషియన్‌గా అప్పటికి పదమూడేళ్లుగా పనిచేస్తున్నాను. ఈసీజీ అంటే గుండె కొట్టుకునే తీరును కాగితం మీద గీతలుగా గీసే పరీక్ష. ఐదు నిమిషాల పని. కళ్లు మూసుకుని చేసేస్తానని నాకు కొంచెం పొగరు కూడా ఉండేది.

రాజంపేట పక్క పల్లె నుంచి రత్నం అనే ఆయన వచ్చాడు. యాభై ఐదేళ్లుంటాయి. బావిలో మోటారు పైపు అడుగున చెత్త ఇరుక్కుంటే ఏ ఆక్సిజన్ సిలిండరూ లేకుండా ఒక్క ఊపిరితో మునిగి తీసి వచ్చే మనిషి. మోకాలి నొప్పని వస్తే, వయసు చూసి డాక్టరు గారు ఈసీజీ కూడా రాశారు.

పడుకోబెట్టి లీడ్స్, అంటే ఒంటికి అతికించే వైర్లు, పెట్టాను. గీత వణుకుతోంది. "ఊపిరి బిగబట్టన్నా" అన్నాను. అలా అంటే ఎవరైనా కాసేపు బిగబట్టి వాళ్లే వదిలేస్తారు. ఇంతలో మిషన్లో కాగితం ఇరుక్కుంది. దాన్ని తీసి, కొత్తది పెట్టి ప్రింటు తీశాను. గుండె నిమిషానికి ముప్పై ఎనిమిది సార్లే కొట్టుకుంటోంది! మామూలుగా అరవైకి తగ్గకూడదు. ఆయన ముఖమైనా చూడకుండా కాగితం పట్టుకుని డాక్టరు గారి గదికి పరుగెత్తాను.

"గుండె బాగా నెమ్మదించింది. పేస్‌మేకర్ పెట్టాల్సి రావచ్చు. ఇక బావిలోకి దిగొద్దు" అని డాక్టరు గారు పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చారు. పేస్‌మేకర్ అంటే గుండెను తట్టి నడిపించే చిన్న మిషను. రత్నం తల వంచుకుని వెళ్లిపోయాడు.

పది రోజులకు మనిషి సగమై తిరిగొచ్చాడు.

"పెద్దాసుపత్రికి పోయే ముందర ఇంకొక్కసారి తియ్యమ్మా. పని పోయిందని కాదు. ఆ నీళ్లల్లో తప్ప నాకు యాడా ప్రార్థన కుదరదు. చర్చీలో కూచుంటే శానా ఆలోచనలు. బావిలో అయితే మొదట భయమైతాది, ఆనక గుండె నిదానిస్తాది. అప్పుడు దేవుడు పక్కనే ఉండాడనిపిస్తాది."

మళ్లీ తీశాను. ఈసారి ఏమీ చెప్పలేదు. అరవై రెండు వచ్చింది.

"ఆ రోజు ఏం చేశావన్నా?"

"ఏముండాది? నువ్వు బిగబట్టమంటివి, బిగబడితి. వదలమనలేదు కదమ్మా. నువ్వు కాగితం పట్టుకొని ఉరికినాక వదిల్తి."

డాక్టరు గారిని పిలుచుకొచ్చి జరిగింది చెప్పాను. ఆయన తన ఎదుటే మళ్లీ బిగబట్టమన్నారు. రత్నం కళ్లు మూసుకున్నాడు. మిషన్ మీద గుండె వేగం యాభై నాలుగు. నలభై ఆరు. రెండు నిమిషాలు దాటాయి. ముప్పై తొమ్మిది. ముఖంలో ఎక్కడా బిగువు లేదు. నేను రోజూ చూసే గుండెలన్నీ ఆ మంచం ఎక్కగానే భయంతో పరుగెత్తేవే. ఈయన తన గుండెను పసిబిడ్డలా జోకొట్టుకుంటున్నాడు. చేతులెత్తి మొక్కాలనిపించింది.

"చాలన్నా, వదులు" అన్నాను.

ట్రెడ్‌మిల్, ఎకో లాంటి గుండె పరీక్షలన్నీ చేసి జబ్బేమీ లేదని తేల్చారు. ఒడ్డున మనిషి లేకుండా మాత్రం దిగొద్దన్నారు.

"తప్పు నాదన్నా. పది రోజులు నీ ప్రార్థన ఆపేశాను" అన్నాను.

"పోనీలేమ్మా. రేపు పొద్దున దిగుతా" అన్నాడు చెప్పులు వేసుకుంటూ. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కళ్లల్లో నీళ్లున్నాయి.

అప్పటి నుంచి ఎవరినైనా ఊపిరి బిగబట్టమన్నానంటే, వదలమనేదాకా వాళ్ల ముఖం మీంచి చూపు తిప్పను.