జోలీన్ వేసిన గాలం

జోలీన్ సబో చాలా ఏళ్ళు కారు సీట్లకు తొడుగులు కుట్టింది. లోరెయిన్ అనే ఊళ్ళో సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఫ్యాక్టరీ మూతపడేనాటికి ఆమెకు యాభై నిండలేదు గానీ, ఆమె నడుముకు మాత్రం డెబ్బై దాటాయి. పని పోయినవాళ్ళకు ప్రభుత్వ ఖర్చుతో కొత్త చదువు చెప్పిస్తామన్నారు. ఉపాధి ఆఫీసులో కూర్చున్న అమ్మాయి ఆమెకు మూడు దారులు చూపించింది. ముసలివాళ్ళ సంరక్షణ, లారీ తోలడం, కమ్యూనిటీ కాలేజీలో సైబర్ సెక్యూరిటీ. మొదటిదానికి మనుషుల్ని ఎత్తి కూర్చోబెట్టాలి. రెండోదానికి రోజంతా కుదుపులు.

"ఆ మూడోదానికి ఏం ఎత్తాలి?" అని అడిగింది జోలీన్.

"ఏమీ ఎత్తక్కర్లేదండీ. కూర్చుని చేసే పని."

"అయితే అదే రాసుకో తల్లీ."

ఆమె భర్త రస్ శీతాకాలంలో రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు. సంగతి విని నవ్వాడు. "టీవీ రిమోటే నీ మాట వినదు కదే, కంప్యూటర్ దొంగల్ని పడతావా?"

"నిన్ను పట్టుకుని ఇన్నేళ్ళు అట్టే పెట్టలేదూ?" అంది జోలీన్.

ఫ్యాక్టరీలో ఆమె పక్క మిషను ట్రూడీ కోవాచ్‌ది. ట్రూడీ చదువు జోలికి పోలేదు. ఆసుపత్రిలో రోగుల పేర్లు ఎక్కించే కౌంటర్లో కుదిరింది. సాయంత్రాలు, శనాదివారాలు, పండగలు, ఎవరికీ అక్కర్లేని డ్యూటీలన్నీ కొత్తగా వచ్చిన ఆమెకే పడేవి. "ఈ వయసులో పరీక్షలు రాసే బదులు ఇంకో పెళ్ళి చేసుకోవచ్చే," అనేది జోలీన్‌తో. ఆ మాట అనే హక్కు ఆమెకుంది. రెండుసార్లు చేసుకుని చూసింది.

జోలీన్ పొద్దున్నే సూపర్ మార్కెట్‌కి పోయి, మాంసం కోసి అమ్మే కౌంటర్లో నిలబడేది. అక్కణ్ణుంచి అలాగే కాలేజీకి. ఎంత కడిగినా చేతులకు హ్యామ్ వాసన పోయేది కాదు. క్లాసులో సగం మంది ఆటలాడి ఆడి కంప్యూటర్ తమ ఒంట్లో భాగమైపోయిన కుర్రకారు. మిగిలినవాళ్ళు ఆమెలాగే ఎక్కడో పని పోగొట్టుకుని వచ్చినవాళ్ళు. పాఠం చెప్పే పెటిగ్రూ నౌకాదళంలో చేసి వచ్చిన పెద్దమనిషి. మెల్లగా చెప్పేవాడు. అయినా మొదటి పరీక్షలో జోలీన్ తప్పింది.

"ఈ మూడక్షరాల కంప్యూటర్ పేర్లన్నీ నాకు కవల పిల్లల్లా కనబడుతున్నాయి సార్. ఏది ఏదో తెలిసి చావడం లేదు."

"కన్నతల్లి కవలల్ని గుర్తుపడుతుంది కదమ్మా? కొన్నాళ్ళు పెంచండి, తెలుస్తుంది," అన్నాడాయన.

పెంచింది. బస్సులో, మాంసం కౌంటర్ వెనక, బట్టలుతికే మిషను తిరుగుతుండగా, వాటినే వల్లె వేసుకుంది. రెండోసారి గట్టెక్కింది. రెండో శీతాకాలం గడిచేసరికి సర్టిఫికెట్టు చేతికొచ్చింది. రస్ దాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించాడు.

అసలు అలుపు ఆ తర్వాత మొదలైంది. ప్రకటనలన్నిటిలోనూ "ఆరంభ స్థాయి ఉద్యోగం" అని ఉండేది. కింద చిన్న అక్షరాల్లో మూడేళ్ళ అనుభవం కావాలని ఉండేది. దరఖాస్తు పెట్టిన కాసేపటికే, ఇంకా కాఫీ చల్లారకముందే, మన్నించమంటూ జవాబు వచ్చేది. మనిషన్నవాడు దాన్ని చదివే వ్యవధి కూడా కాదది. కొన్నాళ్ళకు ఆమె ఆ జవాబులు తెరవడం మానేసింది. పెటిగ్రూయే ఎవరెవరికో ఫోన్లు చేసి, ట్రూడీ పనిచేసే ఆసుపత్రిలోనే కంప్యూటర్ విభాగంలో కొన్ని నెలల శిక్షణకు ఆమెను పెట్టించాడు. బాగా చేస్తే ఉద్యోగం ఇస్తారు.

అక్కడి పై అధికారి డెవిన్ యార్‌బరో. జోలీన్ పెద్ద కొడుకు వయసు ఉంటుంది. ఆసుపత్రిలో ఎవరు మోసపోతారో కనిపెట్టడానికి అప్పుడప్పుడూ వాళ్ళే ఉద్యోగులందరికీ ఒక దొంగ మెయిల్ పంపుతారు. అందులోని లింకు నొక్కినవాడు గాలానికి చిక్కినట్టు. డెవిన్ పంపేవన్నీ పార్సెల్ వచ్చిందనో, బహుమతి తగిలిందనో. వాటికి ఇప్పుడు పెద్దగా ఎవరూ చిక్కడం లేదు.

"ఈసారి మీరు రాయండి జోలీన్. కొంచెం నమ్మేట్టు ఉండాలి," అన్నాడు.

జోలీన్ ఆలోచించింది. రోజంతా నిలబడి, కాళ్ళు లాగుతూ కుర్చీలో కూలబడినప్పుడు తను ఏ మెయిల్ తెరుస్తుంది? జవాబు తట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. "థ్యాంక్స్‌గివింగ్ పండగ వారం డ్యూటీలు మారాయి. మీ పేరు ఎక్కడ పడిందో చూసుకోండి." అంతే రాసి, కింద లింకు పెట్టింది.

మధ్యాహ్నం భోజనాలవేళకు సగం ఆసుపత్రి దాన్ని నొక్కింది. డెవిన్ సంతోషం పట్టలేక తన విభాగమంతా తిరిగి చెప్పాడు. జోలీన్‌కూ సంతోషమే వేసింది. ఈ కాలేజీ చదువు మొదలుపెట్టాక ఒక పని బాగా చేశావని ఎవరైనా అనడం అదే మొదలు. ఆసుపత్రిలో అందరికీ అంటే ట్రూడీకి కూడా అన్న సంగతి ఆమెకు తెలియక కాదు, తట్టలేదు.

రెండు రోజుల తర్వాత పార్కింగ్‌లో ట్రూడీ ఎదురైంది. సరస్సు మీంచి గాలి కోసేస్తోంది. కోటు గుండీలు కూడా పెట్టుకోలేదు ఆమె.

"ఆ మెయిల్ రాసింది నువ్వేనటగా?"

"నేనే."

"చదివినప్పుడే అనుకున్నా, ఎవరో మనలాంటి వాళ్ళే రాశారని. పండగ పూట డ్యూటీ పడుతుందేమోనని ఎట్లా చస్తామో ఆ డెవిన్ గాడికేం తెలుసు? మూడోసారి దొరికానంట. హెచ్చరిక ఇచ్చారు. పగటి డ్యూటీకి నా పేరే ముందుంది కదా, తీసి ఇంకొకామెకి ఇచ్చారు."

"ట్రూడీ, నిజంగా ఏ దొంగో పంపి ఉంటే..."

"దొంగ పంపుంటే నాకింత బాధ ఉండేది కాదే," అంది ట్రూడీ. కారెక్కి, అద్దం మీది మంచు కూడా గీకకుండా వెళ్ళిపోయింది.

జోలీన్ తిన్నగా డెవిన్ దగ్గరికి పోయింది. డబుల్ డ్యూటీల చివర నొక్కినవాళ్ళే ఎక్కువని, వాళ్ళకు కావలసింది శిక్ష కాదు, నిద్ర అని చెప్పింది. డెవిన్ చెడ్డవాడు కాదు, ఓపిగ్గానే విన్నాడు. "ఆ నియమం నాది కాదండీ, పైవాళ్ళది. నేను అడిగి చూస్తాను గానీ, మారదు," అన్నాడు. ఆ వెంటనే, "అన్నట్టు, మిమ్మల్ని ఉద్యోగంలోకి తీసుకోమని వాళ్ళే చెప్పారు. ఆ మెయిల్ చూసి," అన్నాడు.

రేపు చెబుతానని ఇంటికొచ్చింది. బూట్లు విప్పకుండానే వంటింట్లో కుర్చీలో కూర్చుంది. రస్ సూప్ వేడిచేసి ముందు పెట్టాడు. అతని మోకాలికి ఆపరేషన్ చేయించాలి. అందుకు ఆరోగ్య బీమా ఇచ్చే ఉద్యోగం ఇద్దరిలో ఒకరికైనా ఉండాలి. ఆ మాట అతనూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు.

"ఇష్టం లేకపోతే వద్దనెయ్. మాంసం కొట్టు ఎక్కడికీ పోలేదుగా," అన్నాడు రస్.

"నాకు ఇష్టం, అయిష్టం ఏమీ లేదు రస్. అలసిపోయాను."

మర్నాడు ఒప్పుకుంది. డ్యూటీల మీదా, పండగల మీదా ఇకపై గాలాలు వేయనని మాత్రం చెప్పింది. చూద్దాంలెండి అన్నాడు డెవిన్.

ఆ ఉద్యోగంలో దొంగల్ని పట్టేది తక్కువ. పాస్‌వర్డ్ మరిచిపోయినవాళ్ళకు కొత్తది ఇవ్వడమే ఎక్కువ. చెవికి ఫోను తగిలించుకుని పొద్దుణ్ణుంచి అదే పని. ట్రూడీ డిసెంబరంతా ఆమెతో మాట్లాడలేదు. ఎదురుపడితే పక్క నడవలోకి తిరిగిపోయేది. క్రిస్మస్‌కు జోలీన్ గసగసాల రొట్టె చేసి పంపితే, తినకుండా కౌంటర్లో అందరికీ పంచేసిందని తెలిసింది.

జనవరిలో ఒకరోజు ఫోను మోగింది.

"రిజిస్ట్రేషన్ కౌంటర్ నుంచి. ఇవాళ్టి క్యాంటీన్ వంటకాలంటూ ఒక మెయిల్ వచ్చింది. ఇది తమరు పంపిందేనాండీ?"

ట్రూడీ గొంతు. ముప్పై ఏళ్ళ స్నేహంలో ఎన్నడూ అనని "తమరు" అది. జోలీన్ చూసి, "కాదు, క్యాంటీన్ వాళ్ళదే. తెరవచ్చు," అంది.

మర్నాడు ఇంకోటి. ఆ మర్నాడు ఇంకోటి. లిఫ్టు బాగుచేస్తున్నారన్న మెయిల్, రక్తదానం మెయిల్, ఎవరిదో గొడుగు దొరికిందన్న మెయిల్. ప్రతిదానికీ ఫోనే. "ఇది తమరిదేనాండీ?" పక్క కుర్చీ కుర్రాడు, "ఆవిడ మీద ఫిర్యాదు చేయండి, కావాలని విసిగిస్తోంది," అన్నాడు. "విసిగించనీ," అంది జోలీన్. ప్రతిసారీ మెయిల్ మొత్తం చదివి, ఓపిగ్గా జవాబు చెప్పింది.

మార్చిలో ఆసుపత్రి లెక్కల విభాగం పేరుతో ఒకటి వచ్చింది. ట్రూడీ మామూలుగానే ఫోన్ చేసింది. జోలీన్ చూస్తే అది నిజంగానే బయటి దొంగలది. అప్పటికే కొందరికి చేరింది. వెంటనే ఆపించారు, నష్టమేమీ జరగలేదు. డెవిన్ ట్రూడీని మెచ్చుకుంటూ రెండు మాటలు రాసి పంపాడు. పగటి డ్యూటీ మాత్రం తిరిగి ఇవ్వలేదు.

సాయంత్రం మళ్ళీ ఫోను. "ఆ డెవిన్ ఏదో మెచ్చుకుంటూ పంపాడు. ఇదైనా నిజమేనా?"

"నిజమే ట్రూడీ."

"అయితే ఆ లెక్కలవాళ్ళది నువ్వు రాయలేదు."

"నేను రాయలేదు."

అటువైపు ఎవరో రోగి తన పేరు అక్షరం అక్షరం చెబుతున్నాడు.

"ఇక్కడ జనం నిలబడున్నారే. ఉంటా," అంది ట్రూడీ.

జోలీన్ ఫోను పెట్టి కళ్ళు నులుముకుంది. ఈలోగా ఎక్స్‌రే గదిలోంచి ఎవరో ఫోన్ చేశారు. పాస్‌వర్డ్ మరిచిపోయారట.