పటంలో లేని బావి

బౌషర్‌లో నేను పనిచేసే ఆఫీసులో పాత సర్వే పటాలను స్కాన్ చేస్తాం. పెట్టె మూత తీయగానే పాత గుడ్డ, ఎండిన జిగురు, సన్నటి దుమ్ము కలిసిన వాసన వస్తుంది. చిన్నప్పుడు నిజ్వాలో మా రెండు గదుల ఇంట్లో, నేలమీద పటం పరుచుకుని కూర్చున్న బాపు గుర్తొస్తాడు.

జగిత్యాల నుంచి ఈ ఎడారి దేశానికి వచ్చిన బాపు ఒక సర్వే కంపెనీలో పటాలు గీసేవాడు. గుట్టలకు గోధుమరంగు గీతలు, వాగులకు నీలం, బావికి చిన్న సున్నా. ఖర్జూరాలు పండి వీధంతా తీపివాసనతో మగ్గే వేసవిలో, శుక్రవారం పొద్దున్నే, మేకలు కాసే సాలిం తాత మజ్జిగ సీసాతో వచ్చేవాడు. అమ్మ చేసిన సకినాలు కొరుకుతూ, చదువురాని ఆ మనిషి గీతల వెంట వేలు నడిపిస్తూ మేత భూముల పేర్లన్నీ వరసగా చెప్పేవాడు. నేనూ తమ్ముడూ వాటిమీద గులకరాళ్లు పేర్చి మందలని ఆడుకునేవాళ్లం.

కొత్త పటం గీసేటప్పుడు, ఎండిన బావులు తీసెయ్యమని పైనుంచి లిస్టు వచ్చింది. అందులో తాత మేకలు నీళ్లు తాగే ఆఖరి బావి కూడా ఉంది.

"ఇదర్ పానీ మౌజూద్, సాబ్," అన్నాడు తాత, ఇక్కడ నీళ్లున్నాయని సున్నా మీద వేలు ఆనించి.

బాపు ఆఫీసులో చెప్పి చూశాడు. లిస్టు మారదన్నారు. బాపు ఆ సున్నాను రబ్బరుతో తుడిపేశాడు.

మరుసటి వేసవిలో, తప్పిపోయిన మేకల కోసం వెళ్లిన తాత తిరిగి రాలేదు. దూరంగా సూర్ పట్నంలో ఉద్యోగం చేసే అతని కొడుక్కి ఆ గుట్టల దారులు తెలియవు. వెతకడానికి వచ్చినవాళ్లు కొత్త పటం పట్టుకుని, అందులో ఉన్న బావులన్నీ చూశారు. మూడోరోజు సంగతి తెలిసి, బాపు డ్యూటీ వదిలేసి పాత పటంతో వాళ్ల జీపెక్కాడు.

చీకటి పడకముందే వచ్చాడు. అమ్మ ఇచ్చిన నీళ్లు ముట్టలేదు.

"కాలిరిగి బాయి పక్కకే పానం పోయి పడున్నడు. నీళ్లు చేదుకునే సత్తువ లేకపాయె. ఎవలన్న వస్తరని సూసిండు కావచ్చు."

"నీ చేతుల ఏమున్నదయ్యా?" అంది అమ్మ.

"రబ్బరు నా చేతులనే ఉండె."

తాత కొడుకు మేకలు అమ్మేసి సూర్ వెళ్లిపోయాడు. బాపు మా చదువుల కోసం మరో పదేళ్లు అదే బల్ల దగ్గర పనిచేసి చనిపోయాడు.

మొన్న చలికాలం తమ్ముడూ నేనూ ఆ బావి ఉన్న గుట్టల వైపు వెళ్లాం. రాళ్లు కొట్టే యంత్రాల మోతలో సగం గుట్ట లేదు. గడ్డిపరక లేదు, మేక జాడ లేదు. ఇక్కడ బావి ఉండేదని అంటే, కాపలాదారు ఎక్కడని అడిగాడు. మేము చూపించలేకపోయాం.